బ్రూటన్ స్ట్రీట్ సూదులు

లండన్‌లో మేఫెయిర్ అనే పెద్దింటివాళ్ల పేటలో బ్రూటన్ స్ట్రీట్ అని ఒక పొట్టి వీధి ఉంది. ఎలిజబెత్ రాణి 1926లో పుట్టింది ఆ వీధిలోనే, 17వ నంబర్ ఇంట్లో. ఆమె పుట్టడానికి మూడేళ్ల ముందు అదే వీధి 10వ నంబర్‌లో నార్మన్ హార్ట్‌నెల్ అనే కుర్రాడు బట్టల దుకాణం తెరిచాడు. తండ్రి ఇచ్చిన పెట్టుబడి, తోడబుట్టినామె తోడు తప్ప అతని దగ్గర వేరే ఆస్తి లేదు. లండన్ శివారు స్ట్రెతమ్‌లో వాళ్లకో సారాయి దుకాణం ఉండేది. కేంబ్రిడ్జిలో చదువుకోడానికి వెళ్లి, నాటకాలకు దుస్తులు గీస్తూ, డిగ్రీ తీసుకోకుండానే వచ్చేశాడు. ఆ వీధిలో పుట్టిన పాప పెళ్లికూతురైనప్పుడు కట్టుకున్న గౌను, పట్టాభిషేకం నాడు కట్టుకున్న గౌను, రెండూ అతని ఇంటినుంచే వెళ్లాయి.

ఆ ఇంటి సంగతులు నాకు మొదట చెప్పింది ఒక పెద్దావిడ. పెళ్లయి లండన్ వెళ్లిన కొత్తలో, 1970లలో, ఆల్టరేషన్లు చేసే ఒక వర్క్‌రూంలో నాకు పని దొరికింది. కిటికీ దగ్గరి బల్ల ఆవిడది. మాటకు ముందు ఒక ‘లవ్’, మాట చివర ఒక ‘లవ్’. యుద్ధం ముగిసిన కొత్తలో, స్కూలు వదిలిన వెంటనే, హార్ట్‌నెల్ దగ్గర జూనియర్‌గా చేరిందట. అప్పటికి ఆయన దుకాణం అదే వీధిలో 26వ నంబర్‌కు మారి చాలాకాలమైంది. కింద అంతా అద్దాల గోడలు, వేలాడే దీపాలు, మెత్తటి తివాచీలు. పైన వర్క్‌రూంలు: పొడవాటి బల్లలు, ఇస్త్రీ ఆవిరి, తల ఎత్తకుండా కుట్టే ఆడవాళ్లు. కింది అంతస్తు మనుషులకు పైఅంతస్తు ఎలా ఉంటుందో తెలియదు. పైవాళ్లకు కింది తివాచీ మీద నడిచే అవసరం రాదు.

జూనియర్ చేసే పని ఏమిటంటే, నేలమీద రాలిన గుండుసూదులు అయస్కాంతంతో ఏరడం, గుడ్డముక్క చేతబట్టుకుని దానికి సరిపోయే దారం వెతుక్కురావడం, పెద్దవాళ్లకు టీ అందించడం. కొన్నాళ్లకు పైకి కనబడని కుట్టు వేయనిస్తారు. ఇంకొన్నాళ్లకు అంచు మడిచి కుట్టనిస్తారు. గౌనుకు పైనుంచి కనిపించే చోట సూది దించనివ్వాలంటే ఏళ్లు పట్టేది. ఆవిడ చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. హైదరాబాదులో మా నాన్న నేర్చుకున్నదీ ఇదే వరసలో.

మా నాన్న మేర కులంలో పుట్టినవాడు. చిన్నతనంలోనే పత్తర్‌గట్టిలో ఒక ఉస్తాదు దగ్గర కూర్చోబెట్టారు. అది షేర్వానీల కాలం. హైదరాబాదు షేర్వానీ అంటే మెడదాకా గుండీలు, మోకాళ్లు దాటే పొడవు, ఒంటిని పట్టీపట్టనట్టుండే నడుము. దర్బారుకు వెళ్లాలంటే దానిమీద నడుముకు బగ్లూస్, తలకు దస్తార్ తప్పనిసరి. నాన్న మొదట చేసిందల్లా బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేయడం, కచ్చాకుట్టు దారాలు పీకడం. తర్వాత కాజాలు. షేర్వానీ పట్టుకెళ్లిన జాగీర్దారుకు ముందు కళ్లలో పడేవి ఆ కాజాలే, అందుకే వాటిని నిండా పట్టుదారంతో చేత్తోనే కుట్టాలి. మేం పెరిగేనాటికి కాజాల పని అమ్మకూ నాకూ ఇంటికొచ్చింది. దుకాణంలో కూర్చునేది మగవాళ్లు, ఇంట్లో కుట్టేది ఆడవాళ్లు. నాన్నను అందరూ ‘మాస్టర్ సాబ్’ అనేవాళ్లు. అమ్మను పిలవడానికి అలాంటి పేరేదీ లేదు.

నాన్న చెప్పిన సూత్రం ఒకటుంది. “బిడ్డా, గుడ్డ మనిషిని మొయ్యాలె. మనిషి గుడ్డను మొయ్యొద్దు.” లండన్ పెద్దావిడకు దీన్ని ఇంగ్లీషులో చెబితే, రాణుల బట్టలకు అది కుదరదంది. రాణి గుడ్డను మొయ్యాల్సిందే, కాకపోతే మోస్తున్నట్టు కనిపించకూడదు, ఆ కనిపించకపోవడం మీదే మా కూలి అంది.

ఆ కనిపించని పని ఎలా ఉండేదో చెబుతాను. గిరాకీ కొలతలన్నీ తీసి, ఆమె ఒంటి తీరుకు తగ్గట్టు ఒక బొమ్మకు దూది దట్టించి ఉంచుతారు. ముందు అసలు గుడ్డను ముట్టుకోరు. చవక రకం తెల్లగుడ్డతో నమూనా గౌను కచ్చాకుట్టు వేసి, మనిషికి తొడిగి, సూదులతో సరిచేసి, విప్పి, మళ్లీ కత్తిరిస్తారు. అది ఒప్పుకున్నాకే పట్టు మీద కత్తెర పడుతుంది. ఎంబ్రాయిడరీ ఉంటే గుడ్డను కొయ్య చట్రానికి బిగదీసి, దాని చుట్టూ కూర్చుని చేస్తారు. మన మగ్గం వర్క్ ఎలాగో అచ్చం అలాగే. ఒక్కో ముత్యానికి విడిగా ముడి వేయాలి. బద్ధకించి వరసగా కుట్టుకుపోతే, ఒక్కచోట దారం తెగిందంటే అభిషేకం మధ్యలో ముత్యాలన్నీ జలజలా రాలతాయి. ఫిటింగ్‌కు రాణి దుకాణానికి రాదు, ఫిటర్లే సూదులు, టేపులు సర్దుకుని ప్యాలెస్‌కు వెళ్తారు. అంచుల లోపల చిన్న చిన్న సీసపు బిళ్లలు కుడతారు, గాలి ఎంత వీచినా గౌను లేవకూడదు. చెయ్యి ఊపితే చంక పట్టేయకూడదు. టోపీ అంచు మొహానికి అడ్డం రాకూడదు. జనం వేలల్లో ఉంటారు, అందులో ఆఖరి వరసవాడికి కూడా ఆమె ఎక్కడుందో తెలియాలి, అందుకే రంగు.

హార్ట్‌నెల్‌కు ఈ సంగతి బాగా తెలుసు. సాదాతనమంటే గిట్టదని బాహాటంగానే చెప్పుకునేవాడు. తళుకులు, పూసలు, ముత్యాలు ఆయనకు ప్రాణం. నాటకాల్లో మొదలైనవాడు కాబట్టి వేదిక మీద నిలబడ్డ మనిషి దూరానికి ఎలా కనబడాలో ముందే నేర్చుకున్నాడు. రాజరికం కూడా చివరికి ఒక వేదికే. 1935లో గ్లాస్టర్ డ్యూక్‌కు ఇచ్చి చేసిన లేడీ ఆలిస్ పెళ్లి గౌనుతో ఆయనకు రాజకుటుంబం తలుపు తెరుచుకుంది. ఆ పెళ్లిలో తోడుపెళ్లికూతుళ్లు చిన్నారి రాకుమార్తెలు ఎలిజబెత్, మార్గరెట్. పిల్లల మోకాళ్లు కనబడేటట్టు గౌన్లు పొట్టిగా ఉండాలని తాత అయిదవ జార్జి రాజే చెప్పి పంపాడట. రాజుగారు అడ్డు పడినా దర్జీ తలూపాల్సిందే కదా.

ఆయన పనితనానికి అసలు పరీక్ష 1938లో వచ్చింది. ఆరవ జార్జి, ఆయన భార్య ఎలిజబెత్ రాణి (మనం తర్వాత క్వీన్ మదర్‌గా ఎరిగినావిడ) ఫ్రాన్స్ పర్యటనకు బయల్దేరాలి. రంగురంగుల గౌన్లన్నీ సిద్ధమయ్యాయి. బయల్దేరడానికి ఐదు రోజుల ముందు, జూన్ 23న, రాణిగారి తల్లి పోయింది. మైల ఉన్న మనిషి పారిస్‌లో రంగుల గౌన్లు కట్టుకోకూడదు. నల్లబట్టల్లో విందులకు వెళ్తే ఆతిథ్యమిచ్చేవాళ్లకు బాగుండదు. పర్యటన మూడు వారాలు వెనక్కి పోయింది. తెలుపు కూడా రాజులు మైలకు కట్టుకునే రంగేనని హార్ట్‌నెల్ గుర్తుచేశాడు. ఆ వ్యవధిలోనే మొత్తం దుస్తులన్నిటినీ తెలుపులో మళ్లీ కుట్టించాడు. పట్టు, లేసు, వెల్వెట్, షిఫాన్, అన్నీ తెలుపే. విధవకు తెల్లచీర కట్టబెట్టిన దేశం నుంచి వెళ్లినదాన్ని, ఈ కథ విన్నప్పుడు నాకు వింతగా అనిపించింది. మన దగ్గర తెలుపు ఆడదాన్ని పదిమందిలోంచి పక్కకు తప్పించేది. అక్కడ అదే తెలుపు ఒక రాణిని పారిస్ మొత్తానికి చూపించింది. ఆ గౌన్ల నిండు కుచ్చిళ్ల పోకడ ఎక్కడిదంటే, ప్యాలెస్ గోడల మీది వింటర్‌హాల్టర్ చిత్రాలది. వాటిని చూడమని హార్ట్‌నెల్‌ను వెంటబెట్టుకుని తిప్పింది స్వయంగా ఆరవ జార్జి రాజే. 1940లో రాణిగారి దర్జీగా ఆయనకు రాజముద్ర అధికారికంగా దక్కింది.

యుద్ధం వచ్చాక ముత్యాలు పక్కన పడ్డాయి. బట్టలకు 1941 నుంచి కూపన్లు పెట్టారు. ఎన్ని గుండీలు, ఎన్ని మడతలు ఉండాలో సర్కారే చెప్పేది. లండన్ డిజైనర్లంతా ఒక సంఘంగా చేరి, సామాన్యులకు చవకలో పొందికైన బట్టలకు నమూనాలు గీశారు, వాళ్లలో హార్ట్‌నెల్ ఒకడు. బాంబులు పడ్డ వీధుల్లోకి రాణి వెళ్లేటప్పుడు ఏ రంగు కట్టుకోవాలన్నది కూడా ఆయన తేల్చాల్సిన లెక్కే. నలుపు కడితే చావు గుర్తొస్తుంది, కొట్టొచ్చినట్టుండే రంగు కడితే ఎగతాళిగా ఉంటుంది. దుమ్ము పడినా ఇబ్బంది లేని లేత గులాబీ, లేత నీలం, లేత ఊదా ఎంచాడు. ఇళ్లు కూలిన మనుషుల మధ్య ఒక ఆడమనిషి ఏ రంగులో నిలబడాలో ఆలోచించడం నాకు ముత్యాల గౌనుకంటే పెద్ద పనిగా కనబడుతుంది.

తర్వాత 1947. పెద్దావిడ కళ్లు వెలిగేది ఈ మాట దగ్గరే. ఆగస్టులో డిజైన్ ఒప్పుకున్నారు, నవంబర్ 20న రాకుమారి ఎలిజబెత్ పెళ్లి. హార్ట్‌నెల్ లండన్ గ్యాలరీలు తిరిగి తిరిగి, బొట్టిచెల్లి చిత్రంలో పూలు చల్లుకున్న పట్టుబట్టల వసంతకన్యను పట్టుకున్నాడు. మల్లెలు, గులాబీలు, గోధుమ కంకులు గౌను నిండా పరిచాడు. వెనక జీరాడే పొడవాటి ట్రెయిన్ మీద నక్షత్రాల వరసలు. దానికి కావలసిన పదివేల సన్నముత్యాలు అమెరికా నుంచి తెప్పించారు. పనికి కూర్చున్న ఆడవాళ్లు మూడువందల యాభైమంది. అమెరికా పత్రికలవాళ్లు డిజైన్ దొంగిలిస్తారని కిటికీ అద్దాలకు సున్నం కొట్టి, తెల్లగుడ్డ కట్టారు, మేనేజరు రాత్రిళ్లు వర్క్‌రూంలోనే పడుకునేవాడు. పట్టుపురుగుల కులగోత్రాలు కూడా అడిగారట! నిన్నటిదాకా శత్రువులైన జపాను, ఇటలీ పురుగులైతే గోల అవుతుందని, అవి చైనావని హార్ట్‌నెల్ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికి కూపన్లు ఇంకా నడుస్తున్నాయి. పెళ్లికూతురికి రెండువందలు అదనంగా ఇచ్చారు. దేశంలో ఎక్కడెక్కడి ఆడవాళ్లో తమ కూపన్లు తపాలాలో పంపారు. ఒకరి కూపన్ మరొకరు వాడటం నేరం కాబట్టి వాటన్నిటినీ తిప్పి పంపారు.

ఆ పెళ్లికి మా ఊరినుంచి కానుక వెళ్లిన సంగతి నాకు ముందే తెలుసు, నాన్న చెప్పాడు. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ లండన్ కార్టియే కొట్టుకు కబురుపెట్టి, రాకుమారి ఏది ఎంచుకుంటే అది ఇమ్మన్నాడు. ఆమె వజ్రాల కిరీటపు నగ, వజ్రాల హారం తీసుకుంది. నాన్నకు ఈ కథ తలచుకుంటే మంటా నవ్వూ రెండూ వచ్చేవి. 1937లో టైమ్ పత్రిక అట్టమీద లోకంలోకెల్లా ధనవంతుడిగా అచ్చయిన మనిషి, తన ఒంటిమీదికి మాత్రం పాత షేర్వానీయే వేసుకునేవాడు. ‘హుజూర్ లాంటి గిరాకీ దొరికితే దర్జీ చిప్ప పట్టాలె’ అని పత్తర్‌గట్టి ఉస్తాదులు చాటుగా అనుకునేవాళ్లట.

పట్టాభిషేకపు గౌను దగ్గరికి వస్తే, హార్ట్‌నెల్ తొమ్మిది డిజైన్లు గీసి పట్టుకెళ్లాడు. రాణి ఎనిమిదోదాన్ని ఎంచింది. అందులో ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ చిహ్నాలున్నాయి. ఇవే కాదు, కామన్‌వెల్త్ దేశాల చిహ్నాలు కూడా కావాలి, తెలుపు ఒక్కటే కాదు, రంగులు కూడా కావాలి అంది. వేల్స్‌కు డాఫడిల్ పువ్వు వేద్దామనుకున్నాడాయన. చిహ్నాల అధికారి కుదరదు, వేల్స్ గుర్తు లీక్ అన్నాడు. లీక్ అంటే ఉల్లికాడల్లాంటి కూర. రాణి గౌను మీద కూరగాయ కుట్టాలా అని హార్ట్‌నెల్ గింజుకున్నాడు. వెల్ష్ గార్డ్స్ సైనికుల టోపీ బిళ్ల మీది లీక్ గుర్తొచ్చాక గానీ కుదుటపడలేదు. చివరికి తెల్లపట్టులో, రాళ్ల తళుకుతో, లేత ఆకుపచ్చ కాడలతో కుట్టించాడు. కెనడాకు మేపిల్ ఆకు, ఆస్ట్రేలియాకు పసుపు వాటిల్ పూలు, న్యూజిలాండ్‌కు ఫెర్న్, దక్షిణాఫ్రికాకు ప్రోటియా, పాకిస్తాన్‌కు గోధుమ, పత్తి, జనుము. మనకూ సింహళానికీ తామర. మనం గణతంత్రమై మూడేళ్లు దాటింది, రాణితో మనకిక పనిలేదు, అయినా కామన్‌వెల్త్‌లో ఉన్నందుకు మన తామర ముత్యపుచిప్ప రేకులతో, సన్నముత్యాలతో ఆ గౌను ఎక్కింది.

ఇంత బరువు వేలాడితే కుచ్చిళ్లు నిలుస్తాయా? లోపల టాఫెటా అస్తరు, దానికింద గుర్రపువెంట్రుకల గట్టి గుడ్డ పొరలు వేసి నిలబెట్టారు. మొత్తం పనికి ఎనిమిది నెలలు. ఎడంపక్క, రాణి చెయ్యి ఆనేచోట, ఆమెకు తెలియకుండా అదనంగా ఒక నాలుగాకుల షామ్రాక్ (ఐర్లండ్ చిహ్నం) కుట్టించాడు హార్ట్‌నెల్, శుభం కోసం. 1953 జూన్ 2న ఆ గౌనును టీవీలో లక్షలమంది చూశారు. నలుపుతెలుపు టీవీలో ఆ రంగులేవీ కనబడలేదు. కుట్టినవాళ్లకు మాత్రం ఏ దారం ఎక్కడుందో తెలుసు. ఆ తర్వాత కూడా రాణి ఆ గౌనును పెట్టెలో పెట్టేయలేదు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, సింహళం, కెనడా పార్లమెంటులు తెరవడానికి వెళ్లినప్పుడు మళ్లీ కట్టుకుంది. దర్జీకి అంతకంటే మర్యాద ఏముంటుంది?

పేరు ఇంత వచ్చింది, మరి డబ్బు? మా వర్క్‌రూంలో ఈ మాట వచ్చినప్పుడు పెద్దావిడ పెదవి విరిచేది. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెత మనకు ఊరికే రాలేదు. హార్ట్‌నెల్ చేతికి లెక్క నిలిచేది కాదు. రాజముద్ర తలుపు మీద వేలాడుతుంది, దానితో అద్దె కట్టలేం. అన్ని వందల చేతులకు వారం వారం జీతం ఇచ్చిన గిరాకీ ఎవరంటే, లండన్ ‘సీజన్’ అమ్మాయిలు. పెద్దింటి పిల్లను పద్దెనిమిదో ఏట రాణి ముందు నిలబెట్టి పరిచయం చేయడం అక్కడి ఆచారం. యుద్ధానికి ముందైతే తెల్లగౌను, వెనక ట్రెయిన్, తలలో మూడు ఈకలు ఉండి తీరాలి. పరిచయం అయ్యాక డాన్సులకు గౌన్లు, గుర్రప్పందేలకు గౌన్లు, ఆమె తల్లికి గౌన్లు, ఏడాదో రెండేళ్లో గడిచాక పెళ్లిగౌను. ఒక పిల్ల ఖాతా తెరిస్తే వర్క్‌రూంకు ఏళ్ల తరబడి పని. 1958లో ప్యాలెస్ ఆ పరిచయాల ఆచారాన్ని ఎత్తేసింది. కాలం మారిందన్నారు, నిజమే. కానీ ఆ ఒక్క నిర్ణయంతో బ్రూటన్ స్ట్రీట్‌లోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ ఎన్ని బల్లలు ఖాళీ అవుతాయో ప్యాలెస్‌లో ఎవరూ లెక్కవేసి ఉండరు. ఇంకో పక్కనుంచి రెడీమేడ్ బట్టలు వచ్చిపడ్డాయి. అరవైల పిల్లలు మోకాలిపైకి స్కర్టు వేసుకుని, శనివారం కొని, మర్నాడు వేసుకుని, నెలకు పారేసే రోజులొచ్చాయి.

హార్ట్‌నెల్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సెంటు అమ్మాడు, రెడీమేడ్ కంపెనీలకు డిజైన్లిచ్చాడు. 1955లో ‘సిల్వర్ అండ్ గోల్డ్’ పేరుతో తన కథ రాసుకున్నాడు. 1957లో రాణి పారిస్ వెళ్తే, ఫ్రాన్స్ పొలాల పూలూ నెపోలియన్ తేనెటీగలూ గౌనుమీద పూయించాడు. 1960లో మార్గరెట్ పెళ్లికి పూసలన్నీ పక్కనపెట్టి, ఆర్గంజా పట్టును పొంగించి, కోతతోనే అందం తెచ్చాడు. సాదాతనం గిట్టనివాడి చేతుల్లోంచి వచ్చిన ఆ సాదా గౌనును మెచ్చుకోనివాళ్లు లేరు. అయినా అప్పులు తరగలేదు. హార్డీ ఏమీస్ లాంటి పోటీదారులకూ రాణి పని వెళ్లింది. 1977లో ఆయనకు ‘సర్’ బిరుదు వచ్చింది, బట్టల పనిలో ఉన్నవాళ్లకు అలాంటి గౌరవం అదే మొదలన్నారు. ప్యాలెస్‌కు వెళ్తే, బిరుదు తొడగడానికి నిలబడింది క్వీన్ మదర్, నలభై ఏళ్లకు పైగా ఆయన కుట్టిన బట్టలు కట్టినావిడ. ఆ రోజు పేపరు పట్టుకొచ్చి బల్లమీద పరిచింది మా పెద్దావిడ. ఫోటో చూసి ఆమె అన్న మొదటి మాట, “ముసలాడు చిక్కిపోయాడు, కోటు వదులైంది చూడు, లవ్.” రెండేళ్లకు, 1979 జూన్‌లో, ఆయన పోయాడు. పేరు మాత్రం చేతులు మారుతూ నడిచి 1992లో మూతపడింది.

మా నాన్న ఉస్తాదు కథ ఇంతకు చాలా ఏళ్ల ముందే ముగిసింది. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్, ఆ మరుసటి ఏడాది జాగీర్ల రద్దు. అవి రద్దుకావాల్సినవే, జాగీర్ల కింద రైతు ఎట్లా బతికాడో తెలిసిన ఇంట్లో పుట్టినదాన్ని, వాటికోసం కన్నీళ్లు పెట్టను. కానీ షేర్వానీ దుకాణంలో ఉద్దెర పుస్తకం నిండా ఉన్న పేర్లు ఒక్కసారిగా మాయమయ్యాయి. కొందరు కరాచీ పోయారు, కొందరు దేవిడీల్లోనే తలుపులు వేసుకున్నారు. నవాబుల బాకీ అడిగే దారి లేదు. గొప్పవాళ్లు దర్జీ బిల్లు చివరన కట్టడం లండన్‌లోనూ రివాజేనని పెద్దావిడ చెప్పాక, ఇది మా ఊరి జబ్బు ఒక్కటే కాదని తెలిసింది. ఉస్తాదు దుకాణం ఎత్తేశాడు. నాన్న మాత్రం కాలేజీ కుర్రాళ్ల ప్యాంట్లు, గుమాస్తాల బుష్‌షర్టులు, తర్వాత సఫారీ సూట్లు కుట్టి మమ్మల్ని చదివించాడు. పెళ్లిళ్ల సీజన్‌లో ఎవరైనా షేర్వానీ అడిగితే, ఆ రాత్రి ఇంట్లో మాటల్లేవు. దీపం దగ్గరికి లాక్కుని కాజాలు తనే కుట్టేవాడు, అమ్మకు కూడా ఇచ్చేవాడు కాదు.

1983 నవంబరులో ఎలిజబెత్ రాణి హైదరాబాదు వచ్చింది. పెళ్లిరోజున బొల్లారం హోలీ ట్రినిటీ చర్చికి వెళ్లింది. నాన్న సికింద్రాబాదు బస్సెక్కి వెళ్లి ఆ జనంలో నిలబడ్డాడు. ఎందుకు పోయినవని నేను ఉత్తరంలో అడిగితే, జవాబులో రాణి గురించి ఒక్క ముక్క లేదు. “గాలి బాగ కొట్టింది. చుట్టూ ఉన్న ఆడోళ్ల కొంగులన్ని లేసినయి. ఆమె గౌను లేవలే. అంచుల బరువులు ఏసిన్రు. పని తెల్సినోళ్ల చెయ్యి.” అది హార్ట్‌నెల్ ఇంటి పనో, మరొకరి పనో నాకు తెలియదు. నాన్నకు మాత్రం తనలాంటివాళ్లు ఎక్కడో ఉన్నారని తెలిసింది.

ఇప్పుడు సెలవుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లోనో విజయవాడలోనో నడుస్తుంటే సందుకో బొటిక్ కనిపిస్తుంది. మెట్లెక్కి పైకి పోతే చట్రాలు, చట్రాల చుట్టూ కూర్చుని ముత్యాలు కుట్టే కుర్రాళ్లు, బెంగాల్ నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చినవాళ్లు. పెళ్లికూతురి జాకెట్టు చేతుల మీద ఏనుగులు, నెమళ్లు, పల్లకీలు. కింద అద్దాల గది, పైన వంగిన మెడలు. రాజులు పోయాక చేతిపని చచ్చిపోతుందని మా నాన్న తరం భయపడింది, హార్ట్‌నెల్ తరమూ భయపడింది. పని చావలేదు, గిరాకీ మారింది. అప్పుడు ఒక రాణి, ఇప్పుడు ప్రతి ఇంట్లో ఒక పెళ్లికూతురు. పోయింది మాత్రం తీరిక. అభిషేకానికి ఎనిమిది నెలలు ఇచ్చారు. ఇప్పుడు శుక్రవారం గుడ్డ తెచ్చి, బుధవారానికి కావాలంటారు. తొందర కోసం ముడి వేయకుండా వరసగా కుట్టుకుపోతారు, రిసెప్షన్ హాల్లో పూసలు రాలతాయి, తిట్లు కుర్రాడికి.

మారకుండా మిగిలింది మరొకటి. ఆ మూడువందల యాభైమందిలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు, మా అమ్మ కుట్టిన కాజాలకూ పేరు లేదు, ఈ కుర్రాళ్ల పేరు కూడా బొటిక్ బోర్డు మీద ఉండదు. హార్ట్‌నెల్ గీసిన గీతను నేను తక్కువ చేయను, అది లేకపోతే ఆ తామర పూయదు. కానీ దర్జీకి రాజు కావాలనుకోవడం మన భ్రమ. రాజులున్నప్పుడు ఆయన అప్పుల్లోనే ఉన్నాడు, నవాబులున్నప్పుడు మా ఉస్తాదు పుస్తకం ఉద్దెరతోనే నిండింది. దర్జీకి కావలసింది పనికి తగినంత గడువిచ్చే గిరాకీ, అనుకున్న రోజున డబ్బు చేతిలో పెట్టే గిరాకీ. ఆ రెండూ ఇవ్వడానికి ఎవరూ రాణి కానక్కర్లేదు.